డెత్ క్లెయిముల గుమాస్తా చదివిన నవలలు

సంక్రాంతికి వచ్చిన మనవరాలు వెళ్తూ వెళ్తూ నాకో పని అంటగట్టింది. "తాతయ్యా, ఇన్నేళ్ల నుంచి ఈ చావు పుస్తకాలు చదువుతున్నావు కదా. నీకేం అర్థమైందో నెంబర్లు వేసి రాసిపెట్టు. పది పాయింట్లు చాలు" అంది. చావు పుస్తకాలన్న పేరు దాని సొంతం కాదు, వాళ్ల అమ్మమ్మ దగ్గర నేర్చింది. బీరువాలో పై అరకి మా ఆవిడ ఆ పేరు పెట్టి నలభై ఏళ్లయింది. పండక్కి బూజు దులిపేటప్పుడు కూడా ఆ అర జోలికి పోదు.

బీమా ఆఫీసులో ముప్పై ఎనిమిదేళ్లు పనిచేశాను. అందులో ఇరవై రెండేళ్లు డెత్ క్లెయిముల సీటు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా బల్ల మీదకి వచ్చేవి చావులే, కాకపోతే కాగితాల రూపంలో. పాలసీ బాండు, మున్సిపాలిటీ ఇచ్చిన మరణ ధ్రువపత్రం, ఆఖరున చూసిన డాక్టరు సర్టిఫికెట్, దహనం దగ్గరుండి చూసినవాడి సంతకం. నాలుగూ సరిపోతే మనిషి పోయినట్టు. ఒకటి తక్కువైతే ఇంకా పోనట్టే. రాత్రి భోజనమయ్యాక పై అరలోంచి ఒకటి తీసి కూర్చునేవాణ్ణి. పది పాయింట్లు అయితే నాకు దొరకలేదు. దొరికినన్ని రాశాను.

1. చివరి మాట కోసం కాచుకుని కూర్చోకూడదు.

మనం భీష్ముణ్ణి విని పెరిగినవాళ్లం. ఒళ్లంతా బాణాలు దిగి అంపశయ్య మీద పడుకుని, ఉత్తరాయణం కోసం ఎదురుచూస్తూ, ధర్మరాజుకి శాంతి పర్వం, ఆనుశాసనిక పర్వం నిండేటంత పాఠం చెప్పాడాయన. ఒక్క చోట నాలుక తడబడలేదు. పోయేముందు పెద్దవాళ్లు ఏదో ఒకటి చెప్పి పోతారన్న ఆశ మనకి అక్కడి నుంచే వచ్చి ఉంటుంది.

మా నాన్న బడిపంతులు. తిక్కన పద్యాలు చెబుతుంటే వీధిలో పోయేవాళ్లు ఆగేవారు. 1983 వానాకాలంలో ఆయన మంచాన పడితే నాలుగు రోజులు సెలవు పెట్టి పక్కనే కూర్చున్నాను. సిగ్గుపడకుండా చెబుతాను, జేబులో ఒక చిన్న నోటు పుస్తకం కూడా పెట్టుకున్నాను. నాలుగో రోజు కళ్లు తెరిచి, "మజ్జిగలో ఉప్పు వేశారా?" అన్నారు. ఆ రాత్రి ఆయాసం ఎక్కువైతే డాక్టరు కోసం సైకిలు మీద వెళ్లాను. తిరిగొచ్చేసరికి అయిపోయింది. కాబట్టి మా నాన్న చివరి మాట మజ్జిగ. చాలా ఏళ్లు నేనది ఎవరికీ చెప్పుకోలేదు. తర్వాత అందరికీ చెప్పడం మొదలుపెట్టాను.

చెప్పుకునే ధైర్యం ఇచ్చింది బెకెట్.

2. ఉన్న వస్తువులు లెక్కపెట్టుకోనివ్వాలి.

శామ్యూల్ బెకెట్ మూడు నవలలూ కలిపి వేసిన పేపర్‌బ్యాక్ ఒకటి హైదరాబాదులో అబిడ్స్ ఆదివారం పేవ్‌మెంటు మీద దొరికింది. పన్నెండు రూపాయలు. అందులో రెండోది 'మలోన్ డైస్'. ఆయన ఐర్లండువాడు, మాతృభాష ఇంగ్లీషు. అయినా దాన్ని ఫ్రెంచిలో రాసి 1951లో అచ్చు వేయించి, తర్వాత తనే ఇంగ్లీషు చేసుకున్నాడు. కథ అని చెప్పడానికి పెద్దగా లేదు. ఒక గది, ఒక మంచం, మంచం మీద మలోన్ అనే ముసలివాడు. ఆ గదిలోకి ఎలా వచ్చాడో అతనికే సరిగా తెలియదు. త్వరలో పోతానని మాత్రం తెలుసు. ఈలోగా కాలక్షేపానికి కొన్ని కథలు చెప్పుకోవాలి, తన దగ్గరున్న వస్తువుల జాబితా రాసుకోవాలి, ఆ తర్వాత పోవాలి. ఇదీ అతని ప్లాను.

ప్లాను ఒక్కటీ సాగదు. సాపో అనే కుర్రవాడి కథ మొదలుపెడతాడు, నడమధ్యలో వాడు మాక్‌మన్ అనే ముసలివాడైపోతాడు. కొక్కెం ఉన్న ఒక కర్ర అతనికి చేతికింద చెయ్యి. దాంతోనే సూపు గిన్నె పెట్టే చిన్న బల్లని దగ్గరికి లాక్కుంటాడు. కొన్నాళ్లకి ఆ కర్ర చెయ్యిజారిపోతుంది. సూపు తెచ్చే ముసలామె రావడం మానేస్తుంది. రాసే పెన్సిలు రెండు వైపులా చెక్కి చెక్కి అంగుష్ఠమాత్రం అయిపోతుంది. ఒకసారి అదీ ఎక్కడో పడిపోతే మళ్లీ దొరకడానికి రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజుల్లో ఏం జరిగిందో మనకి తెలియదు, ఎందుకంటే పెన్సిలు లేదు. ఈ ఒక్క చిన్న తమాషాలో ఎంత ఉందో మొదటిసారి చదివినప్పుడు పట్టించుకోలేదు. డెబ్బై దాటాక మళ్లీ చదివితే నవ్వొచ్చింది, ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

మా మేనత్త ఆఖరి ఏడాదంతా రోజూ సాయంత్రం ట్రంకుపెట్టె తెరిపించేది. ఒక్కొక్కటీ పైకి తీయించి, పేరు చెప్పి, మళ్లీ లోపల పెట్టించేది. జరీ ఊడిన చీర, కాశీ నుంచి తెచ్చిన చెంబు, ఏ తాళానిదో తెలియని తాళంచెవి. ఇంట్లో కుర్రకారు చాదస్తం అని విసుక్కునేవారు. నేనూ విసుక్కున్నాను. మలోన్ చేసేదీ అచ్చంగా అదే. తన సరుకు ఏదో, కానిదేదో తేల్చుకోకపోతే వెళ్లేది ఎవరో కూడా తేలదు కదా. మేనత్త అప్పటికే పోయింది, లేకపోతే ఈసారి తాళంచెవి నేనే తీసి ఇచ్చేవాణ్ణి.

చివరి పేజీల్లో మలోన్ వాక్యాలు చిట్లిపోతాయి. పంక్తికి నాలుగు మాటలు, తర్వాత రెండు, తర్వాత ఏమీ లేదు. ఫుల్‌స్టాప్ కూడా ఉండదు. అచ్చుతప్పు అనుకుని పేజీ తిప్పి చూశాను మొదటిసారి.

3. ఈ పుస్తకాలు జబ్బుపడ్డవాళ్లకి ఇవ్వకూడదు.

మా ఆఫీసులో ఒక సహోద్యోగికి గుండె ఆపరేషన్ అయితే, తీరిగ్గా చదువుకుంటాడని 'మలోన్ డైస్' తీసుకెళ్లి ఇచ్చాను. వారం తిరక్కుండా వాళ్లావిడ దాన్ని న్యూస్‌పేపరులో చుట్టి, దారం కట్టి, తిరిగి పంపించింది. కమలాపళ్లు తీసుకెళ్లడమే మంచిది.

4. తెల్ల కాగితాన్ని కూడా చదవాలి. నాకు అన్నిటికంటే ఆలస్యంగా తెలిసింది ఇదే.

బి.ఎస్. జాన్సన్ అనే ఇంగ్లీషు రచయిత 1971లో 'హౌస్ మదర్ నార్మల్' అని ఒక నవల వేశాడు. ముసలివాళ్ల హాస్యనాటిక అని దానికి తనే ఉపశీర్షిక పెట్టుకున్నాడు. ఒక వృద్ధాశ్రమంలో ఒకే ఒక్క సాయంత్రం. ఎనిమిది మంది ముసలివాళ్లు, వాళ్లని చూసుకునే హౌస్ మదర్. తొమ్మిది మందీ అదే సాయంత్రాన్ని ఎవరికి వాళ్లు తమ మనసులో మాటలుగా చెబుతారు.

ప్రతి ఒక్కరి భాగానికీ ముందు ఒక పట్టీ ఉంటుంది. వయసు, పెళ్లయిందా లేదా, చూపు ఎంత శాతం, వినికిడి ఎంత శాతం, రుచి, వాసన, కదలిక, ఉన్న జబ్బులు. అది చూసి ఉలిక్కిపడ్డాను. మా ప్రపోజల్ ఫారమే! ఛాతీ కొలత, ఆపరేషన్లు ఏమైనా అయ్యాయా, తల్లిదండ్రులు ఏ వయసులో పోయారు... నా జీవితంలో కొన్ని వేల మందిని నేను అలాగే చదివాను. జాన్సన్ ఆ ఫారం చూపించి, పేజీ తిప్పి, ఇదిగో ఫారంలో పట్టని మిగతా మనిషి అంటాడు.

పట్టీలో ఇంకో గడి ఉంది. పది ప్రశ్నలు అడిగితే ఎన్నింటికి సరిగ్గా జవాబిచ్చారు అన్న మార్కులు. మతిమరుపు పరీక్ష అన్నమాట. దీని సంగతి మళ్లీ చెబుతాను.

కిటుకంతా పుస్తకం కూర్పులో ఉంది. ఒక్కొక్కరికీ సరిగ్గా 21 పేజీలు. మొదటామె ఏడో పేజీలో పదో పంక్తి దగ్గర ఏం జరుగుతోందో, మిగతావాళ్ల ఏడో పేజీ పదో పంక్తిలో కూడా అదే క్షణం. ఒకామె ఒక మాట అంటే, ఇంకొకరి పేజీలో అదే ఎత్తున ఆ మాట విన్నట్టు ఉంటుంది, లేదా సగమే విన్నట్టు ఉంటుంది, లేదా అసలు వినబడనట్టు ఖాళీ ఉంటుంది. 74 ఏళ్లామెతో మొదలై 94 ఏళ్లామె దాకా వయసు పెరిగేకొద్దీ పేజీలో అక్షరాలు పలచబడతాయి. ఎనిమిదో మనిషి దగ్గరికి వచ్చేసరికి వాన వెలిశాక చూరు కింద పడే చుక్కల్లా పేజీకి నాలుగు మాటలు అక్కడొకటి ఇక్కడొకటి. తర్వాత తెల్ల కాగితాలు. జాన్సన్ వాటిని మానేయలేదు. లెక్క ప్రకారం 21 పేజీలూ వేశాడు.

లండన్‌లో ఉండే మా అమ్మాయి ఈ పుస్తకం తెచ్చేనాటికి మా అమ్మకి ఎనభై తొమ్మిది. అప్పటికి రెండేళ్ల నుంచి అన్నీ మరిచిపోతోంది. నన్ను అన్నయ్యా అని పిలిచేది. వాళ్లన్నయ్య స్వాతంత్ర్యం రాకముందే పోయాడు. ఇంటికి ఎవరొచ్చినా ముందు చేసే పని అమ్మకి పరీక్ష పెట్టడం. "పిన్నిగారూ, నేనెవర్ని చెప్పండి చూద్దాం? ఇవాళ ఏ వారం? ఈయన మీకేమవుతారు?" అమ్మ తప్పు చెబితే ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవాళ్లు. ఒప్పు చెబితే చప్పట్లు. ఆ పది ప్రశ్నల గడి మా ఇంట్లోనే ఉంది. రోజూ నింపుతున్నది నేనే, దానికి ప్రేమ అని పేరు పెట్టుకుని.

తెల్ల పేజీలు చూశాక ఒక పని చేశాను. అమ్మ మాట్లాడనప్పుడు ఆ సమయానికి గదిలో ఇంకా ఏం జరుగుతోందో గమనించడం మొదలుపెట్టాను, జాన్సన్ పుస్తకంలో పక్కవాళ్ల పేజీ తిప్పి అదే పంక్తి చూసినట్టు. మధ్యాహ్నం మూడింటికి వీధిలో పాతసామాన్లవాడి కేక వినబడితే అమ్మ చెయ్యి దుప్పటి మీద కదిలేది. కుక్కర్ కూత వేస్తే కళ్లు వంటింటి వైపు తిరిగేవి. మాట లేదు, కానీ పంక్తి ఉంది. పరీక్షలు మానిపించాను. అన్నయ్యా అంటే పలికాను. మొదటిసారి పలికినప్పుడు మా ఆవిడ వింతగా చూసింది. రెండు రోజుల తర్వాత అమ్మ తనని వదినా అంటే తనూ పలికింది. ఇంకో రెండేళ్లు ఉంది అమ్మ. ఆ రెండేళ్లూ మా ఇంట్లో నేను చిన్నప్పుడు చూడని ఒక ఇల్లు నడిచింది.

ఒక్క ఫిర్యాదు ఉంది. హౌస్ మదర్‌కి మాత్రం జాన్సన్ ఒక పేజీ ఎక్కువ ఇచ్చి, తాను రచయిత సృష్టించిన బొమ్మనని ఆమె చేతే చెప్పిస్తాడు. తోలుబొమ్మలాట రసపట్టులో ఉండగా ఆడించేవాడు తెర తొలగించి మొహం చూపించినట్టు ఉంటుంది. ఆ పేజీ నేనైతే చదవడం మానేశాను.

ఇదే జాన్సన్ 1969లో 'ది అన్‌ఫార్చునేట్స్' అని ఇంకోటి వేశాడు. కేన్సరుతో చిన్న వయసులో పోయిన స్నేహితుడి జ్ఞాపకాలు. 27 విడి భాగాలు, కుట్టు లేకుండా పెట్టెలో పెట్టి అమ్మారు. మొదటిదీ చివరిదీ తప్ప మిగతా 25 ఏ వరసలో చదివినా సరే. దాన్ని ప్రయోగం అని వింతగా చెప్పుకుంటారు గానీ, ట్యాగు ఊడిపోయిన క్లెయిము ఫైలు చూసినవాడికి అందులో వింతేం లేదు.

5. రాసినవాడి వయసు ఎంతో చూసుకోవాలి.

మలోన్ని రాసేనాటికి బెకెట్‌కి నలభై ఒకటి, నలభై రెండు. 'హౌస్ మదర్ నార్మల్' వచ్చినప్పుడు జాన్సన్‌కి 38. రెండేళ్లకే ప్రాణం తీసుకున్నాడు, ముసలితనం అతనికి ఎప్పుడూ రాలేదు. విలియమ్ ఫాక్నర్, కార్లోస్ ఫుయెంతెస్ తమ చావు నవలలు వేసినప్పుడు ఇద్దరికీ ముప్పై మూడే. కుర్రవాళ్లకి చావు ఒక ఆలోచన. దాని చుట్టూ తిరిగి, పైనుంచీ కిందనుంచీ చూసి, వాక్యాన్ని విరిచి అతికించి ఆడుకోగలరు. తప్పులేదు. అంత ఓపిక ఆ వయసులోనే ఉంటుంది.

ముసలివాడు రాసిన ముసలితనం చూడాలంటే జపాను వెళ్లాలి. జునిచిరో తనిజాకి 1961, 62లలో 'డైరీ ఆఫ్ ఎ మ్యాడ్ ఓల్డ్ మ్యాన్' రాసినప్పుడు ఆయనకి 75. డైరీ రాసే ఉత్సుగి వయసు 77. అందులో మరణం గురించి తత్వం తక్కువ. బీపీ ఎంత, చెయ్యి ఎంత నొప్పి, ఏ ఇంజక్షన్, ఏ మాత్ర, దానికెంత గుణం, ఇదీ గోల. దానికి తోడు కోడలి పాదాల మీద పిచ్చి. చివరికి ఆ పిచ్చి ఎంతకి పోతుందంటే, ఆమె అరికాళ్ల ముద్రలు ఎర్రరంగుతో కాగితం మీద తీసి, బుద్ధపాదాల్లా తన సమాధిరాయి మీద చెక్కించి, చచ్చాక వాటి కిందే పడుకోవాలని. అమరావతిలో బుద్ధపాదాలకి దండం పెట్టుకున్న చేతుల్తోనే ఆ పేజీ తిప్పాను. కోపం రావాలి, రాలేదు. ముసలాయనకి చివరిదాకా ఏదో ఒకటి కావాలి అన్నది అంత నిర్లజ్జగా చెప్పినవాడు నాకు ఇంకొకడు కనబడలేదు.

డైరీ ఒకచోట ఆగిపోతుంది. తర్వాత మూడు కాగితాలు వస్తాయి. నర్సు నివేదిక, డాక్టరు రికార్డు, కూతురు రాసుకున్న మాటలు. అదిగో, నా సీటు మీదకి వచ్చిన కాగితాలు! మనిషి గొంతు పోయి, మనిషి మీద సర్టిఫికెట్లు మిగిలే ఘట్టం. ఇక క్లెయిము పాస్ చేయడమే అనుకుంటాం. కానీ ఉత్సుగి చావడు. తోటలో కోడలి కోసం ఈతకొలను తవ్విస్తుంటాడు.

6. మంచం దగ్గర ఎవరు ఏ సర్వనామం వాడుతున్నారో వినాలి.

ఫుయెంతెస్ మెక్సికోవాడు. 1962లో వచ్చిన 'ది డెత్ ఆఫ్ ఆర్తెమియో క్రూజ్' లో చచ్చిపోతున్నది 71 ఏళ్ల కోటీశ్వరుడు. ఒకప్పుడు విప్లవంలో పోరాడి, తర్వాత ఆ విప్లవాన్నే అమ్ముకుని భూములూ పత్రికా సంపాదించినవాడు. నవల మూడు గొంతుల్లో నడుస్తుంది. నేను అంటే ఇప్పుడు మంచం మీద నొప్పితో ఉన్న ఒళ్లు. అతను అంటే తేదీలు వేసిన గతం. నువ్వు అంటే భవిష్యత్ కాలంలో మాట్లాడే ఇంకేదో గొంతు, అంతరాత్మ అనండి. ఈ మూడూ వంతులవారీగా వస్తుంటాయి.

మొదట్లో ఇది చదవడం ఇసుకలో సైకిలు తొక్కినట్టే ఉంది. తర్వాత ఒకసారి మా నాన్న మంచం దగ్గర సంగతి గుర్తొచ్చింది. అంతవరకూ ఆయన్ని నేరుగా "ఎలా ఉంది మాస్టారూ" అన్నవాళ్లే, ఆయన కదల్లేకపోయేసరికి మా అమ్మ వైపు తిరిగి "ఏమంటున్నారు? ఏమైనా తిన్నారా?" అనడం మొదలుపెట్టారు. ఆయన అక్కడే ఉన్నారు, వింటున్నారు. నిన్నటిదాకా మీరు, ఇవాళ్టి నుంచి ఈయన, రేపు ఆయన. మరణ ధ్రువపత్రం తర్వాత వస్తుంది గానీ, ఈ మార్పు ముందే జరిగిపోతుంది. ఫుయెంతెస్ చేసిన గారడీ మన ప్రతి ఇంట్లోనూ జరిగేదే.

క్రూజ్ పెళ్లాం, కూతురూ వీలునామా ఎక్కడుందని అడుగుతుంటారు. ముసలాయన వాళ్లని ఆ మూలా ఈ మూలా వెతికిస్తాడు. నామినీ గడి ఖాళీగా వదిలేసినవాళ్ల ఇళ్లలో జరిగే పంచాయితీలు ఎన్ని చూశానో. అయితే కావాలని వెతికించి సంతోషించేవాడు కూడా ఉంటాడన్నది ఈ నవలలోనే తెలిసింది.

7. ఊపిరి చాలని వాక్యాన్ని పైకి చదవాలి.

హెర్మన్ బ్రోఖ్ ఆస్ట్రియాలో బట్టల మిల్లు నడిపిన మనిషి. 1938లో నాజీలు పట్టుకుని కొన్నాళ్లు జైల్లో పెట్టారు. బయటపడి అమెరికా చేరి, 1945లో 'ది డెత్ ఆఫ్ వర్జిల్' అచ్చు వేశాడు. క్రీ.పూ. 19లో రోమన్ కవి వర్జిల్ బ్రిందీసి రేవులో ఓడ దిగిన దగ్గర నుంచి ఆఖరి పద్దెనిమిది గంటలు. తన కావ్యాన్ని తగలబెట్టేయాలని కవి, వీల్లేదని చక్రవర్తి ఆగస్టస్. నీరు, నిప్పు, నేల, గాలి అని నాలుగు భాగాలు. నాలుగోదాన్ని ఇంగ్లీషులో గాలి అన్నారు గానీ జర్మన్ మూలంలో ఉన్నది ఈథర్, మన ఆకాశానికి దగ్గరి మాట. వాక్యం మొదలైతే రెండు పేజీలు దాటినా ఆగదు. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు ముప్పయ్యో పేజీ దగ్గర మూసేశాను. నాలుగోసారి దండకం చదివినట్టు గొంతెత్తి చదివాను, అర్థం కోసం ఆగకుండా. అప్పుడు సాగింది. మధ్యలో కొన్ని చోట్ల ఇప్పటికీ నాకు అందదు. దాని ఇంగ్లీషు అనువాదానికి జీన్ స్టార్ అంటర్‌మేయర్ పడ్డ కష్టం తల్చుకుని ఊరుకుంటాను.

8. పోయినవాళ్ల పని మనం అనుకున్నంత తొందరగా అయిపోదు.

ఫాక్నర్ 'యాజ్ ఐ లే డయింగ్' 1930లో వచ్చింది. మిసిసిపీ యూనివర్సిటీ పవర్‌హౌస్‌లో రాత్రి డ్యూటీ చేస్తూ రాశాడు దాన్ని. 59 చిన్న భాగాలు, 15 గొంతులు. ఆడీ అనే రైతు ఇల్లాలు మంచాన ఉంటే, కిటికీ బయట పెద్దకొడుకు ఆమె పెట్టెకి చెక్కలు కోస్తుంటాడు. ఒక్కో చెక్కా ఆమెకి ఎత్తి చూపిస్తాడు. తన పుట్టింటివాళ్లున్న ఊళ్లో పూడ్చమని ఆమె మాట తీసుకుంది, అందుకని శవాన్ని బండి మీద వేసుకుని కుటుంబమంతా బయల్దేరుతుంది. దారిలో ఏటి వరద, అగ్గి, పైన రాబందులు. ఆడీ తన గొంతుతో మాట్లాడేది ఒక్కసారే, అదీ చచ్చిపోయాక.

పెద్దకొడుకు క్యాష్‌కి ఇచ్చిన మొదటి భాగం నెంబర్లు వేసిన జాబితా. పెట్టె అంచులు ఏటవాలుగా ఎందుకు కోశాడో పదమూడు కారణాలు. తల్లి పోయింది, వాడికి మాటలు రావు, కాబట్టి నెంబర్లు వేసి వడ్రంగం చెబుతాడు. మనవరాలు పది పాయింట్లు అనగానే నాకు మొదట గుర్తొచ్చింది వాడే.

మొగుడు ఆన్స్ మాత్రం పని పూర్తవుతూనే కొత్త పళ్లసెట్టు పెట్టించుకుని, కొత్త పెళ్లాంతో ప్రత్యక్షమవుతాడు. ఇదేదో అమెరికాలోనే జరిగే అమానుషం అనిపిస్తుంది. పెళ్లాం పాలసీ డబ్బుకి సంతకం పెట్టడానికి కొత్త చొక్కా కుట్టించుకుని వచ్చినవాళ్లు నా బల్ల ముందు ఎంతమంది కూర్చున్నారో. ఏడుస్తూనే కూర్చున్నారు. రెండూ నిజమే.

9. మన దేశంలో వెతికితే దొరకవని కాదు.

తెలుగులో చైతన్యస్రవంతి నవల అనగానే అందరూ చెప్పే నవీన్ 'అంపశయ్య' 1969లో వచ్చింది. పేరు భీష్ముడిది, అందులో దొర్లేది మాత్రం ఉస్మానియా విద్యార్థి. ముసలివాడి మంచానికి ఆ పనితనం మన దగ్గర ఎవరు చూపించారా అని చాలా వెతుక్కున్నాను. బెంగాలీలో కమల్ కుమార్ మజుందార్ 'అంతర్జలి యాత్ర' ఉంది, 1962లో పుస్తకంగా వచ్చింది. చావుకి సిద్ధమైన సీతారాం అనే ముసలి బ్రాహ్మణ్ణి గంగ ఒడ్డుకి తెస్తారు. సతికి ఒక ఆడమనిషి కావాలి కనుక అక్కడే యశోవతి అనే పిల్లనిచ్చి పెళ్లి చేస్తారు. పెళ్లయ్యేసరికి ముసలాయనకి బతుకు మీద ఆశ పుడుతుంది. అందులో బెంగాలీ బెంగాలీవాళ్లకే కొరుకుడు పడదంటారు. నేను గౌతమ్ ఘోష్ తీసిన సినిమా మాత్రం చూశాను.

హిందీలో గీతాంజలి శ్రీ 'రేత్ సమాధి' 2018లో వచ్చింది, దాని అనువాదానికి 2022లో ఇంటర్నేషనల్ బుకర్ ఇచ్చారు. మొగుడు పోయిన ఎనభై ఏళ్లావిడ గోడ వైపు తిరిగి పడుకుంటుంది, లేవనంటుంది. ఆ వీపు మీదే ఎన్ని పేజీలు నడిపిందో! తర్వాత ఆవిడ లేస్తుంది. లేచి ఏం చేస్తుందో మనవరాలికి చెప్పను, చదువుకోమనండి.

ఇక్కడిదాకా రాసి, అక్షరదోషాలు చూడమని కాగితాలు మా ఆవిడ చేతికిచ్చాను. నా కంటి ఆపరేషన్ తర్వాత ఆ పని తనదే. చిక్కుడుకాయల చేట పక్కన పెట్టి, కళ్లజోడు తుడుచుకుని, మొదటి పాయింటు దగ్గరే ఆగింది.

"మీ నాన్నగారి చివరి మాట మజ్జిగ కాదండీ" అంది.

"మరి?"

"అది మధ్యాహ్నం. రాత్రి మీరు సైకిలు తీసుకుని వెళ్లాక నేనే కదా దగ్గరున్నది. ఏదో అన్నారు. నాకు అర్థం కాలేదు. ఏంటి మావయ్యగారూ అని వంగి చెవి పెట్టాను. మళ్లీ అన్నారు. అప్పుడూ అర్థం కాలేదు."

"పద్యమా?"

"అర్థమైతే చెప్పేదాన్ని కాదా."

ఇన్నేళ్లుగా నాతో అనలేదేం అన్నాను.

"మీరు మజ్జిగ, మజ్జిగ అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటున్నారు కదా. మధ్యలో నేనెందుకని" అంది. కాగితాలు మడిచి నాకిచ్చేసి, చేట ఒళ్లోకి లాక్కుని చిక్కుడుకాయల ఈనెలు తీయడం మొదలుపెట్టింది.